కరవని గోడ

"మీ కథల్లో గోడలు ఎక్కువండీ" అన్నాడు ఒకాయన. వేలూరులో మా తెలుగువాళ్ళు పదిమంది చేరి సభ అని పేరు పెట్టి, నాకు కుర్చీ వేసి, మెడలో దండ వేసి, పారిపోకుండా అటొకరు ఇటొకరు కూర్చున్నారు. అడిగినాయన కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. "ఆ గోడ దేనికి ప్రతీక?" అని కలం మూత తీసి, జవాబు కోసం కూర్చున్నాడు.

"మా పక్క ఇటుక చౌకండీ" అన్నాను. ఆయన అదీ రాసుకున్నాడు.

గుడియాత్తం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎండిపోయిన పాలారు ఇసుకను చూస్తూ ఆలోచించినాను. అడగాల్సిన మాటే అడిగినాడు ఆ మనిషి. జవాబు ఒక్క మాటలో లేదు, అంతే. ఇదిగో, ఇప్పుడు చెప్తున్నాను. నేను కోతలరాయుణ్ణని మా ఊళ్ళో కుక్కలకు కూడా తెలుసు. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: ఇందులో మొసలి తప్ప మిగతాదంతా నిజం.

మాది తాపీపని. మా తాతలు ఏ కాలంలో ఏ కోట కట్టడానికి ఈ పక్కకు వచ్చినారో గాని, ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, పని మీద రెండూ కలిపిన ముద్ద. తెలుగక్షరం మాత్రం మా గుంపులో ఎవరికీ రాదు. నేను వారపు సంతలో పాత పుస్తకాలు కొని, పట్టుబట్టి నేర్చుకున్నాను. దాంతో మధ్యాహ్నం అన్నం తిన్నాక కథ చెప్పే ఉద్యోగం నాకే పడింది. వేలూరులో ఏదో ఒక కట్టడం ఎప్పుడూ లేస్తుండేది. పొద్దున్నే రైలెక్కి కాట్పాడిలో దిగి, ఆడినుంచి పని జాగాకు పోయేవాళ్ళం. మధ్యాహ్నం పరంజా నీడలో తాపీలు పక్కన పెట్టి, "ఊ, వదులప్పా ఒకటి" అనేవాళ్ళు.

నేను వదిలిన వాటిలో పెద్ద పేరు తెచ్చుకున్నది కోట అగడ్తలో మొసలి. ఆ అగడ్తలో ఒక ముసలి మొసలి ఉండాదనీ, కసాయివాళ్ళు పారేసే గొర్రెకాళ్ళు తిని బతుకుతాదనీ, తాతల కాలంనుంచీ దానికి తెలుగు తప్ప వేరే భాష రాదనీ చెప్పినాను. అరవంలో అదిలిస్తే నోరు తెరుస్తాది, తెలుగులో "పో అవ్వా, పడుకో" అంటే బుడుంగున మునుగుతాది. ఒక దొర ఇంగ్లీషులో ఏదో అనబోయి టోపీ పోగొట్టుకున్నాడు. ఆ టోపీ ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు దాని వీపు మీద కనిపిస్తాది. ఇంతే కథ. నవ్వడానికి చెప్పినాను, నవ్వినారు.

తర్వాత ఆంధ్ర రాష్ట్రం వేరు పడే కాలం వచ్చింది. టీ అంగట్లో బల్ల మీద ఒలికిన టీతో గీతలు గీసి, చిత్తూరు అటు, తిరుత్తణి ఎటు, మద్రాసు ఎవరిది అని అరుచుకునేవాళ్ళు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను మొసలిని మళ్ళీ బయటికి తీసినాను. సున్నం గంప మోసే ఒకామె, నోటినిండా వక్కాకుతో, ఉన్నట్టుండి అడిగింది.

"ఏమప్పా, రాష్ట్రాలు పంచుకుంటా ఉండారు కదా, ఆ మొసలిని ఏ పక్క తోల్తారు?"

అందరూ పకపకా నవ్వినారు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఒకాయన గడ్డం గోక్కున్నాడు. ఇంకొకాయన "దాన్ని అగడ్తలోంచి తీస్తే యాడ బతుకుతాది, పాపం" అన్నాడు. అందరూ మేస్త్రీ పిలవకముందే లేచి పనికి పోయినారు.

 దొర టోపీ కోసం పుట్టించిన మొసలి అది. ఆ మధ్యాహ్నం దాని వీపు మీద టోపీ లేదు. మేమంతా ఎక్కి కూర్చుని ఉన్నాం. నేను ఎక్కించలేదు. వాళ్ళే ఎక్కినారు.

ఇంక నాకు గర్వం ముదిరింది. ఓహో, కథలో ఒక వస్తువు పెడితే దానికింత బలమా అని, కావాలని ఒకటి తయారు చేసినాను. రెండు భాషలు మాట్లాడే చిలక. ఇద్దరు రాజులు దాని కోసం కొట్లాడి, పంజరాన్ని రెండుగా కోస్తారు. చిలక అంటే మనమేననీ, పంజరం దేశమనీ, రాజులెవరో మీకే తెలుసుననీ, చివర్లో గొంతు వణికించి మరీ చెప్పినాను. ఇద్దరు గురక పెట్టినారు.

మా పెద్దమామ మాత్రం మేలుకొని ఉన్నాడు. మా అమ్మకు అన్న, నాకు తాపీ పట్టడం నేర్పిన మేస్త్రీ. పళ్ళు కుట్టుకుంటూ అడిగినాడు.

"చిలక ఏం తింటాదిరా?"

"కథలో చిలకకు తిండి దేనికి మామా?"

"తినని చిలక బతకదురా. నువ్వు చిలకను చెప్పలే. పలక మీద చిలక బొమ్మ గీసి, కింద పేరు రాసి చూపిస్తివి. మాకు చదువు రాదు కదప్పా."

అందరూ నిద్రలేచి నవ్వినారు. నాకు మండింది. కానీ రైల్లో ఇంటికి పోతూ అనుకున్నాను, మొసలి గొర్రెకాళ్ళు తినింది, నీళ్ళలో మునిగింది, నీళ్ళు తగ్గితే తేలింది. అది ముందు మొసలి. ఆ తర్వాతే ఏదైనా అయింది. నా చిలక మొదటినుంచీ ఏదో అయిపోయి కూర్చుంది, చిలక అయ్యే సందే దానికి దొరకలేదు.

ఇంతవరకూ నవ్వులాట. గోడ సంగతి వేరు.

పెద్దమామకు ఒక తమ్ముడు, మా చిన్నమామ. ఇద్దరిదీ ఒకే ఇల్లు, గుడియాత్తంలో ఏటి ఒడ్డు వీధిలో. స్వతంత్రం వచ్చిన రోజు ఆ ఇంటి పిట్టగోడ మీద వెదురు కట్టి, అన్న పట్టుకుంటే తమ్ముడు ఎక్కి జెండా కట్టినాడు. వాళ్ళమ్మ తొందరగా పోయింది. పెద్దమామ పెళ్ళి చేసుకుని అత్తను తెచ్చినప్పుడు చిన్నమామ నిక్కరు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని తిరిగే పిల్లోడంట. అత్తే తల దువ్వింది, అన్నం పెట్టింది, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుంది. అత్తకు బిడ్డలు లేరు. ఆయన పెళ్ళయి ఇద్దరు పిల్లల తండ్రయినా అత్తకు "చిన్నోడే".

రాష్ట్రం వేరు పడినాక పెద్దమామకు ఒకటే పట్టు. చిత్తూరు పోదాం, ఇల్లు అమ్మేద్దాం, మన రాష్ట్రంలో మనం ఉందాం.

"నీకు తెలుగులో ఒక్క అక్షరం రాదు కదన్నా" అన్నాడు చిన్నమామ.

"అక్షరం రాకుంటే ఏమిరా? నాకు ఆకలి తెలుగులో అయితాది."

"కూలి మాత్రం అరవంలో ఇస్తా ఉండారు. నా పిల్లోళ్ళు అరవ బడిలో చదువుతా ఉండారు. నేను రాను."

ఇలా మొదలైంది. ఒకరోజు "నీ పెళ్ళాం మాట" అని ఒకరన్నారు, "నీకు బిడ్డలుంటే తెలిసేది" అని ఇంకొకరన్నారు. రెండో మాట అన్నది చిన్నమామ. అన్నాక ఆయనే నోరు మూసుకున్నాడు, కానీ మాట బయటికి వచ్చేసింది. పెద్దమామ ఆ పూటే చెప్పినాడు: ఇల్లు చీల్చాల్సిందే. నడిమి సాలలో అడ్డగోడ లేవాల్సిందే. తన సగం ఎవరికైనా అమ్ముకుని చిత్తూరు పోతాడు.

మా వాళ్ళలో ఒక పట్టింపు ఉండాది. ఎంత పెద్ద మేస్త్రీ అయినా తన ఇంటిని చీల్చే గోడకు తను తాపీ పట్టడు. కట్టేటప్పుడు చూడడు కూడా. అందుకని ఆ పని నా నెత్తిన పడింది.

"పళ్ళు కరిచేట్టు కట్టరా" అన్నాడు పెద్దమామ.

తాపీపని తెలియనివాళ్ళకు ఇది చెప్పాలి. పాత గోడకు కొత్త గోడ కలిపేటప్పుడు పాత గోడలో వరస విడిచి వరస ఇటుక తొలిచి, ఆ గుంటల్లోకి కొత్త ఇటుకల కొసలు దూర్చి కడతాం. పైపళ్ళు కిందిపళ్ళు కరుచుకున్నట్టు రెండు గోడలూ ఒకటైపోతాయి. అప్పుడు అడ్డగోడ తీయాలంటే ఇల్లే కదులుతాది. పళ్ళు పెట్టకుండా ఊరికే ఆనించి కడితే మాత్రం అది ఇంట్లో నిలబడిన చుట్టం లాంటిది. పొమ్మంటే ఇంటికి దెబ్బ తగలకుండా పోతాది. సగం ఇల్లు కొనేవాడెవడైనా ముందు చూసేది ఆ మూలే. కరవని గోడను నమ్మి ఎవడూ కొనడు.

పెద్దమామ ఏదో పని ఒప్పుకుని కే.వి.కుప్పం పోయినాడు. చిన్నమామ పెళ్ళాం పిల్లల్ని తీసుకుని అత్తగారింటికి పోయినాడు. నేను ఇటుకలు తడుపుతుంటే అత్త వచ్చి నా పక్కన గొంతుకూర్చుంది. చాలాసేపు ఇటుకల్లోంచి బుడగలు లేచేది చూస్తూ ఉండింది.

"నాయనా, మూసేది మూసెయ్. కరిపించొద్దు."

"మామ చంపుతాడు అత్తా."

"చంపితే నన్ను చంపనీలే. కరిపిస్తే మీ మామ అమ్మేస్తాడు. అమ్మితే నేను పోవాల. పోతే ఆ చిన్నోడు..." అని ఆపేసింది. తర్వాత, "వాడికి పులుసులో ఉప్పు ఎంతో వాడి పెండ్లానికి ఇంకా తెలీదు" అన్నది.

 నేను కరిపించలేదు. ఒంటిగా నిలబడాల్సిన గోడ కాబట్టి అడుగు కాస్త వెడల్పుగా వేసి, తూకం గుండు వదిలి, మహా నిటారుగా లేపినాను. మూలలు కనపడకుండా రెండు పక్కలా సున్నం పూత పూసినాను. నా చేతి పనిలో అంత అందమైన గోడ ఇంకొకటి లేదు. పెద్దమామ వచ్చి అరచేత్తో నిమిరి, "ఊ" అన్నాడు. ఆయన నోట "ఊ" అంటే మాకు దండ వేసినట్టే.

ఆ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. కానీ గుంపు ఒకటే, పని ఒకటే. ఒకే పరంజా మీద పక్కపక్కనే నిలబడి నా ద్వారా మాట్లాడుకునేవాళ్ళు.

"ఒరే, ఆయప్పకు చెప్పు, దారం కుంగి ఉండాదని."

"ఆయప్పకే చెప్పు, కుంగింది దారం కాదు, చూపని."

నేను నోరు తెరవకముందే ఇద్దరికీ వినపడి ఉండేది. అయినా నేను చెప్పాల్సిందే, చెప్పకపోతే ఇద్దరూ నన్ను కసిరేవాళ్ళు. అమ్మే మాట మాత్రం ఊరికే లేదు. ఆలంగాయంనుంచి ఒక బెల్లం వ్యాపారి వానలు వెలిసినాక వచ్చి ఇల్లు చూసుకుంటానని కబురు పెట్టినాడు.

వానలు పడినాయి. వానలకు ఇల్లు కాస్త ఒళ్ళు విరుచుకుంటాది, అది ఏ ఇంటికైనా ఉండేదే. మూలలో, కొత్త గోడ పాత గోడను తాకే చోట, పైనుంచి కిందికి వెంట్రుకంత చీలిక తేలింది. పెద్దమామ చూసి సున్నాన్ని తిట్టినాడు. "సరిగ్గా నానబెట్టలే వీడు" అని తడి సున్నం పూసినాడు. ఆరినాక మళ్ళీ తేలింది. అత్తకు అన్నం దిగడం మానేసింది. వ్యాపారి వచ్చి ఆ చీలికను చూస్తే, ఉలి పెట్టి చూడమంటాడు. అప్పుడు పెద్దమామ నిజంగా కరిపించి కట్టిస్తాడు, ఈసారి నాచేత కాదు. "నోరు కట్టుకో నాయనా" అని నాకు రోజూ చెప్పేది.

నేను నోరు కట్టుకోవడం! ఒక మధ్యాహ్నం, "వదులప్పా, చిలక మాత్రం వద్దు" అని అందరూ అడిగితే, నాకు తెలియకుండానే గోడ కథ మొదలుపెట్టినాను. అన్నదమ్ముల్ని తీసేసి అక్కచెల్లెళ్ళను పెట్టినాను. ఇంటిని కొండ కింద ఊరికి మార్చినాను. పేచీ ఒక రోలు దగ్గర పెట్టినాను. రాష్ట్రం మాట ఎత్తలేదు, భాష మాట ఎత్తలేదు. గోడ దేశమని గాని మనసని గాని చెప్పలేదు. చిలక దగ్గర తిన్న దెబ్బ గుర్తుండాది కదా. గోడ ఎట్లా లేచిందో అదే చెప్పినాను. తడిసిన ఇటుక బుడగలు వదలడం చెప్పినాను. కట్టినవాడు పళ్ళు పెట్టలేదని ఒక్క మాట అని ముందుకు పోయినాను. వానలు పడినాయి, మూలలో వెంట్రుక తేలింది, అక్క సున్నం పూసింది, మళ్ళీ తేలింది. ఒకరోజు చెల్లెలు అటువైపునుంచి ఆ చీలికలో గోరు పెట్టి చూసింది, ఇసుక రాలింది. ఇంతే, అయిపోయిందన్నాను.

సున్నం గంప ఆమె, "అంతేనా? గోడ పడిందా లేదా?" అన్నది.

"నాకు తెలీదమ్మా."

"తెలీకుండా కథ ఎందుకు చెప్తావు!" అని విసుక్కుని, గంప దగ్గరికి లాక్కుంటూ, "మా అక్కను చూసి మూడేండ్లయింది" అన్నది, ఎవరికీ కాకుండా.

ఆమె విన్నది గోడను. ఇద్దరు మాత్రం మూలను విన్నారు. నేను తలెత్తి చూస్తే పెద్దమామ చేతిలో ముద్ద అట్లే ఉండాది. చిన్నమామ ఎదురుగా కూర్చుని నేలను చూస్తా ఉండాడు. తాపీపనివాడికి పళ్ళు పెట్టలేదన్న మాట ఉపమానం కాదు. వానల్లో తేలిన వెంట్రుకా, ఎన్నిసార్లు పూసినా నిలవని సున్నమూ ఆ ఒక్క మాటతో పెద్దమామకు అర్థమైపోయినాయి. నేను దాచిపెట్టాననుకున్నదాన్ని అందరి ముందూ పరిచి పెట్టినానని నాకప్పుడు తెలిసింది. పెద్దమామ ముద్ద గిన్నెలో వదిలి, చెయ్యి కడుక్కుని పరంజా ఎక్కినాడు.

మరుసటి ఆదివారం పొద్దున అత్త పరుగున మా ఇంటికి వచ్చింది. "నీ నోట్లో మట్టి కొట్ట! ఉలి తీసుకున్నాడు" అన్నది. నేను వెళ్ళేసరికి పెద్దమామ నిచ్చెన లేకుండా, నేలమీద కూర్చుని, గోడ అడుగున మూలలో పూత చెక్కుతా ఉండాడు. నేను కప్పిన సందు తెల్లగా, తిన్నగా బయటపడింది. ఒక్క పన్ను లేదు. ఆయన ఆ సందులో వేలు పెట్టి కిందినుంచి పైకి నడిపించినాడు. ముఖంలో కోపం ఉండాదా అని చూసినాను. ఏమీ కనపడలేదు. ఉలిని మళ్ళీ అడుగు వరస మీద పెట్టి సుత్తి ఎత్తినాడు. గోడను కరిపించడానికి తొలుస్తా ఉండాడో, పడగొట్టడానికో, నాకు ఈనాటికీ తెలీదు. ఆయనకైనా తెలుసో లేదో.

అత్త వెళ్ళి గోడకు వీపు ఆనించి నిలబడింది.

"లెయ్" అన్నాడు.

"లెయ్యను. కొట్టేది కొట్టు."

అప్పుడు గోడ అవతలినుంచి గొంతు వినిపించింది. చిన్నమామది.

"వదినా, ఆయప్పకు చెప్పు. అడుగునుంచి కొట్టొద్దని. మీద పడతాది. పైనుంచి తీయమను."

 సుత్తి గాల్లోనే ఆగిపోయింది. అత్త నోటిలో కొంగు కుక్కుకుంది. పెద్దమామ సుత్తి దించి, నా వైపు తిరిగి అన్నాడు:

"ఆయప్పకు చెప్పు. నాకు పని నేర్పొద్దని. నిచ్చెన ఆ పక్కనే ఉండిపోయిందని."

నేను చెప్పనవసరం లేకపోయింది. గోడకూ పెంకుల కప్పుకూ మధ్య సందులోంచి నిచ్చెన ఇటు వచ్చింది.

ఇద్దరూ చెరో పక్క, ఒకరు నిచ్చెన ఒకరు బల్ల ఎక్కి, పై వరసనుంచి ఇటుకలు తీసినారు. ఒకరు వదులు చేస్తే ఇంకొకరు అందుకుని, సున్నం గీకి, పక్కన పేర్చినారు. పని తెలిసినవాళ్ళు కదా, ఒక్క ఇటుక విరగలేదు. పూర్తిగా తీసేశారని చెప్పాలని నాకు నోరూరుతుంది, కానీ మొసలి తప్ప అంతా నిజమని మాటిచ్చినాను. రొమ్మెత్తుకు వచ్చేసరికి ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా తేలినాయి. ఒకరినొకరు చూడలేక ఇద్దరూ నన్ను చూసినారు. ఇంకా రెండు మూడు వరసలు దింపి, నడుమెత్తున ఆపేసినారు. "చాలని చెప్పు" అన్నాడు ఒకాయన. "సరేనని చెప్పు" అన్నాడు ఇంకొకాయన.

బెల్లం వ్యాపారి వచ్చినప్పుడు నడుమెత్తు గోడను చూసి, అటు తిరిగి, ఇటు తిరిగి, "ఇదేమిటి సామీ?" అన్నాడు. "ఇల్లు" అన్నాడు పెద్దమామ. వ్యాపారి మళ్ళీ రాలేదు. చిత్తూరు మాట ఆ తర్వాత పెద్దమామ ఎత్తలేదని కాదు, పండగలకీ చావులకీ ఎత్తేవాడు. కదల్లేదు, అంతే. అన్నదమ్ములు నేరుగా మాట్లాడుకోవడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది.

తర్వాత ఎప్పుడో ఆ కథను తెలుగులో రాసి అచ్చు వేయించినాను. చదివినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పినారు. రాష్ట్రాలన్నారు, భాషలన్నారు, ఒకావిడ తన కాపురమన్నది. నేను అన్నిటికీ తల ఊపినాను. సున్నం గంప ఆమె దానిలో తన అక్కను చూసుకున్నప్పుడే, అది నా చేతి గోడ కాకుండా పోయింది. నేను చేయగలిగిందల్లా ఇటుక తడపడం, గుండు వదలడం, ఎక్కడ పళ్ళు పెట్టకూడదో అక్కడ పెట్టకుండా ఆగడం. కథను అర్థానికి కరిపించి కడితే అది ఇంక కదలదు. చదివేవాడికి వేలు పెట్టి చూసుకునే సందుండాల.

పెద్దమామకు చదివి వినిపించినాను. కళ్ళు మూసుకుని అంతా విని, "తప్పు ఉండాది" అన్నాడు.

"ఏం తప్పు మామా?"

"గోరు పెడితే ఇసుక రాలిందంటివి. సున్నం పట్టిన గోడ ఇసుక రాల్చదురా. పాత గోడ ఇటుకలు మట్టితో అతికినవి కదా. మట్టి రాలతాది."

దిద్దుకున్నాను. మీరు చదివే పుస్తకంలో మట్టే ఉంటాది.

అత్తను కూడా అడిగినాను, ఆ గోడ నీకేమిటి అని. అప్పటికి దాని పై వరస మీద గచ్చు నున్నగా అరిగి ఉండాది, ఇటునుంచి అటు జరిపిన పులుసు గిన్నెలకు. అత్త నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"గోడ నాయనా. గిన్నె పెట్టుకోను బాగుండాది" అని, అటు తిరిగి, "ఒరే చిన్నోడా, ఉప్పు చూసి చెప్పు" అని కేక వేసింది.